ఆ ఏడు కాల్చని హద్దు

ఈ మధ్యాహ్నం ఫ్యాక్టరీలో మండే సాల్వెంట్ల ట్యాంకుల వైపు నడుస్తుంటే నా చొక్కా చేతి మీద ఒక నల్లటి పోచ వచ్చి వాలింది. వేలితో ముట్టుకోగానే పొడి అయిపోయింది. గడ్డి బూడిద. తలెత్తి గాలి సంచి వైపు చూశాను. రసాయనాల ఫ్యాక్టరీలలో ఎత్తైన గొట్టానికి ఎర్ర తెలుపు చారల గుడ్డ సంచి ఒకటి కట్టి ఉంచుతారు. గాలి ఎటు వీస్తే అది అటు ఉబ్బుతుంది. పడమటి గాలికి అది బిగుసుకుని తూర్పు వైపు చూపిస్తోంది. గేటుకు ఫోన్ చేశాను. రోడ్డు పక్కన కూలీలు ఎండుగడ్డి కాలుస్తున్నారని, పక్కనే నీళ్ల ట్యాంకరు ఉందని, భయపడే పని లేదని చెప్పారు. ఇలాంటప్పుడు నేను చేయవలసిన పనులు నాలుగు. నాలుగూ చేశాను. అయినా ఆ సంచి కింద నుంచి కదల్లేకపోయాను. నాతో ఉన్న ఫిట్టరు ఏమైంది సార్ అని అడిగితే ఏమీ లేదన్నాను. ఆ మాట నిజం కాదు. మూడేళ్ల కిందట ఇదే మాసంలో, జిన్నారానికి అవతల ఒక ఇంటి ముంగిట, ఇలాంటి బూడిదే ఒక పెద్దావిడ తలమీద రాలుతుండగా నేను చూశాను. ఆ రోజు నుంచి ఎండుగడ్డి వాసన వస్తే నా చేతులు నాకు గుర్తొస్తాయి.

నా గురించి కొంత చెప్పాలి, లేకపోతే నేను చేసిన తప్పు అర్థం కాదు. నాది సేఫ్టీ విభాగంలో ఉద్యోగం. మా నాన్న కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలో పనికి వచ్చి, పాతికేళ్లు క్వార్టర్సులో కాపురం చేసి, రిటైరయ్యాక పోతిరెడ్డిపల్లిలో ఇల్లు కట్టుకున్నారు. నేను పుట్టింది, పెరిగింది, ఇంజనీరింగు చదివింది అంతా ఈ చుట్టుపక్కలే. ఏ పనికైనా ముందు కాగితం మీద జాబితా రాసుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. మా అమ్మ చుట్టాల దగ్గర, వీడు స్నానానికి వెళ్లేముందు కూడా రాసుకుంటాడు అని చెబుతుంది. అది అబద్ధం, స్నానానికి రాయను. ఊరికి బయల్దేరేటప్పుడు రాస్తాను, తలుపుకు తాళం వేసేటప్పుడు ఒకసారి చూసుకుంటాను. రాసుకున్నది జరుగుతుందని, రాయనిదే ప్రమాదమని నా నమ్మకం. మా పనిలో ఆ నమ్మకం మనుషులను కాపాడింది కూడా, కాబట్టి దాన్ని నేను ఎప్పుడూ అనుమానించలేదు.

నా దోస్తు అదే ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటర్. నాకంటే మూడేళ్లు పెద్ద. మా స్నేహం నేను అతని మీద రాసిన రిపోర్టుతో మొదలైంది. బాయిలర్ దగ్గర చేతి తొడుగులు లేకుండా పనిచేస్తున్నాడని రాశాను. మర్నాడు నా టేబుల్ ముందుకు వచ్చి నిలబడ్డాడు. "సారూ, నువ్వు రాసింది నిజమే. గానీ ఒక్క షిఫ్టు వచ్చి నువ్వు గవి ఏసుకొని ఆడ నిలబడు. నిలబడితె రేపటి సంది నేను తియ్య" అన్నాడు. నేను పంతానికి వెళ్లి నిలబడ్డాను. రెండో గంటలో తొడుగులు తీసేశాను. అతను చూసి కూడా చూడనట్టు మొహం తిప్పుకుని, పొయ్యిలోకి బొగ్గు ఇటుకలు తోసుకుంటూ ఉండిపోయాడు. ఎవరికీ చెప్పలేదు. తర్వాత నేను రెండు జాబితాలు రాసి, మూడు నెలలు తిరిగి, మెత్తటి తోలు తొడుగులు తెప్పించాను. అప్పటి నుంచి నన్ను సారూ అని పిలుస్తూనే తమ్ముడిలా చూసుకున్నాడు. ఆదివారాలు అతని ఇంటికి భోజనానికి వెళ్లేవాణ్ని. నాకు సొంత ఊరు అని చెప్పుకోవడానికి ఏదైనా ఉందంటే అదే.

ఊరు అన్నాను గాని ఆ ఇల్లు ఊళ్లో లేదు. ఊరికి కిలోమీటరు అవతల, వాళ్ల రెండెకరాల మెట్ట చెలకలోనే ఉంది. మట్టి గోడలు, పెంకుల కప్పు, లోపల టేకు వాసాలు. దక్షిణం వైపు నాలుగు బర్రెలకు, ఒక దూడకు తాటాకు కొట్టం, దాని పక్కన వరిగడ్డి వాము. ఇంట్లో ముగ్గురే మనుషులు: నా దోస్తు, అతని భార్య, అతని తల్లి. అతని భార్యను వదినా అనేవాణ్ని, తల్లిని పెద్దమ్మా అనేవాణ్ని. పెద్దమ్మ సన్నగా, ఎత్తుగా, ఎప్పుడూ నడుముకు కొంగు బిగించి ఉండేది. బర్రెల పాలు జిన్నారంలో హోటళ్లకు పోసి కొడుకును ఐటీఐ చదివించింది. మాట తక్కువ. మాట్లాడితే మాత్రం ఎదుటివాడు కొంచెంసేపు తన మోచేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడేలా మాట్లాడేది. మొదటిసారి నేను వెళ్లినప్పుడు బిందె దగ్గర కూర్చుని నీళ్లు వడపోసి తాగుతారా అని అడిగాను. "ఇన్నేండ్లు తాగిన. సచ్చినంక వడపోస్తం తీ" అన్నది.

ఆ రెండెకరాలకు మూడు వైపులా ఒక వెంచరు పరుచుకుని ఉంది. చుట్టుపక్కల రైతులందరూ అమ్మేశారు, వీళ్లు అమ్మలేదు. అరవై ఎకరాలను ప్లాట్లుగా కోసి, పసుపు తెలుపు రంగు వేసిన రాళ్లు పాతి, ముందొక సిమెంటు కమాను కట్టి వదిలేశారు. కొన్నవాళ్లు ఎక్కడెక్కడో ఉంటారు. ఏడాదికొకసారి కార్లలో వచ్చి తమ రాయి పక్కన నిలబడి ఫోటో దిగి వెళ్తారు. ఒక్క ఇల్లు లేవలేదు. పశువులను మేపనివ్వరు, దున్ననివ్వరు. దాంతో వానలకు లేచిన గడ్డి నడుమెత్తున పెరిగి, చలికాలానికి పండి, శివరాత్రి వచ్చేసరికి అరవై ఎకరాల తాటాకులా ఎండి గలగలలాడుతూ ఉండేది. వెంచరు బ్రోకరు నెలకొకసారి వచ్చి అరుగు మీద కూర్చుని టీ తాగి పోయేవాడు. చెడ్డగా ఏమీ మాట్లాడేవాడు కాదు. కప్పు వైపు చూసి, "పాతగైంది ఇల్లు. మల్ల కట్టుడంటే మస్తు పరేషాన్. గప్పుడన్న ఆలోచన చేయుండ్రి" అనేవాడు. ఇల్లు పోతే భూమి పోయినట్టేనని బ్రోకరుకు తెలుసు, పెద్దమ్మకూ తెలుసు. మళ్లీ కట్టే స్తోమత వాళ్లకు లేదు, ఇల్లు లేకుండా ఊరి బయట బర్రెలతో ఉండే దారీ లేదు.

అందుకే ఏటా శివరాత్రి దాటాక వాళ్లింట్లో ఒక పని చేసేవారు. హద్దు కాలవెట్టుడు అనేవారు దాన్ని. తెల్లవారుజామున, గడ్డి మీద ఇంకా మంచు తడి ఉండగానే, పెద్దమ్మ కుండపెంకులో పిడక నిప్పు పట్టుకుని ఉత్తరం మూల నుంచి బయల్దేరుతుంది. ఎండాకాలం గాలి వచ్చేది పడమటి నుంచే కనుక, ఇంటికి పడమర వైపున వెంచరు హద్దు పొడవునా పదడుగుల వెడల్పున గడ్డి తగలబెట్టుకుంటూ పోతుంది. వెనకాల కొడుకూ కోడలూ తడిపిన గోనెసంచులు, పచ్చి వేపకొమ్మలు పట్టుకుని, మంట అటూ ఇటూ పాకకుండా కొడుతూ నడుస్తారు. ఎండెక్కేసరికి ఇంటికీ ఆ గడ్డికీ మధ్య ఒక నల్లటి పట్టీ ఉంటుంది. ఎండాకాలంలో ఎప్పుడు నిప్పు వచ్చినా ఆ పట్టీ దగ్గర ఆగిపోతుంది, తినడానికి అక్కడేమీ ఉండదు కనుక. ఆమె అత్త నుంచి నేర్చుకున్నదట. పేరు తప్ప దానికి వేరే పూజలూ మొక్కులూ ఏమీ లేవు.

నేను ఆ సంగతి విన్నది జనవరి నెలాఖరులో, ఆ ఇంటి అరుగు మీద, జొన్నరొట్టె తింటూ. చేతిలోని రొట్టె పక్కన పెట్టేశాను. మా ఫ్యాక్టరీలో అగ్గిపుల్ల గీయాలన్నా ముందు పర్మిట్ రాయాలి. దాని మీద నా సంతకం ఉండాలి. నడుమెత్తు ఎండుగడ్డి పక్కన, తాటాకు కొట్టానికి కొద్ది అడుగుల దూరంలో, చేతులారా నిప్పు పెట్టడమా అని అడిగాను. ఇక ఊరుకోలేదు. చేతిలో కాగితం, నడుముకు టేపు. ఆ సాయంత్రం పొద్దుగూకే వరకు ఇంటి చుట్టూ కొలిచి పదకొండు అంశాల జాబితా రాసి వదిన చేతిలో పెట్టాను. బోరు మోటారుకు పొడవాటి పైపు, కప్పు మీదికి నీళ్లు చిమ్మే ఏర్పాటు, నీళ్ల నిల్వకు నాలుగు నీలం డ్రమ్ములు, అవి ఫ్యాక్టరీ స్క్రాపువైతే లోపల ఏముండేదో నాకు చూపించాకే వాడాలి, మూడుసార్లు కడగాలి, ఇలా. ఏడో అంశం హద్దు కాల్చడం ఆపేయాలి. ఎనిమిదోది, దానికి బదులు మిషనుతో ఇరవై అడుగుల వెడల్పున గడ్డి కోయించాలి. కాల్చిన పదడుగుల కంటే కోసిన ఇరవై అడుగులు మేలు కదా అని లెక్క కట్టి చూపించాను. నా దోస్తు తల్లి వైపు చూశాడు. ఆమె కాగితాన్ని తిరగేసి, వెనక ఏమైనా ఉందా అని చూసి, "ఇండ్ల గాలి రాసినవా బిడ్డా" అని అడిగింది. గాలి మన చేతిలో లేదు పెద్దమ్మా, చేతిలో ఉన్నవే రాశాను అన్నాను. అప్పుడు ఆ జవాబు నాకు చాలా బాగుందనిపించింది.

ఫిబ్రవరిలో మిషను తెప్పించారు. రెండు రోజుల్లో ఇరవై అడుగుల పట్టీ నున్నగా కోసేశారు. నేను స్వయంగా వెళ్లి టేపు పెట్టి కొలిచి, ఎనిమిదో అంశం పక్కన టిక్కు పెట్టాను. కోసిన గడ్డి ఎక్కడిదక్కడే పడి ఉంది. పండిన గడ్డి కనుక బర్రెలు దాన్ని మూతితో కూడా తాకవు. పెద్దమ్మ నా వెనక నిలబడి ఉంది. "కోసింది ఎత్తిపోయాల్నా, గట్లనే ఉండనియ్యాల్నా" అని అడిగింది. ఇంకెక్కడో ఎత్తిపోయడానికి కూలీలు, ట్రాక్టరు కావాలి. జాబితాలో ఆ మాట లేదు. వానలు పడితే కుళ్లి ఎరువవుతుంది, నేలలో తేమ నిలుస్తుంది, ఉండనివ్వండి అన్నాను. ఏదో వ్యవసాయ వీడియోలో చూశాను ఆ మాట. "సదువుకున్నోనివి. నువ్వు జెప్తె గట్లనే" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ ఏడు శివరాత్రి వచ్చింది, పోయింది. తెల్లవారుజామున ఎవరూ నిప్పు పట్టుకుని బయల్దేరలేదు. కోసిన గడ్డి ఎండకు ఇంకా ఎండి, చాప పరిచినట్టు నేలకు అంటుకుంది. ప్రతి ఆదివారం దాని మీదుగానే నడిచి భోజనానికి వెళ్లాను. కాలి కింద అది చిటపటమనేది. ఆ చప్పుడు నాకు వినిపించేది, అర్థం మాత్రం కాలేదు.

మార్చి చివర్లో ఒక పగటిపూట ఫోన్ వచ్చింది. అతనిది రాత్రి షిఫ్టు ముగిసి ఇంట్లో పడుకునే వేళ. గొంతులో నిద్ర లేదు. "సారూ, పడమటి దిక్కు పొగ లేస్తున్నది. కమాను కాడికెల్లి. గాలి మా దిక్కే ఉన్నది. జెర రాగలవా." నేను గాలి సంచి చూసుకుని పరుగెత్తాను. ఫైరింజను వాళ్లకు ఫోన్ చేస్తే బండి ఇంకో చోట స్క్రాపు గోదాము మంట దగ్గర ఉందని, వచ్చేసరికి గంట పడుతుందని అన్నారు. మంటలార్పే పెద్ద సిలిండర్లు రెండు బండికి కట్టుకుని గేటు దగ్గరికి వచ్చాను. కాపలా ఆయన చేయి అడ్డం పెట్టాడు. "గేట్ పాస్ సార్. మూడు కాపీలు. మీరే పెట్టిన రూలు" అన్నాడు. అతను ఎగతాళి చేయలేదు, నిజంగానే బాధపడుతూ చెప్పాడు. పుస్తకం తెచ్చి, కార్బను పెట్టి, డిపార్టుమెంటు హెడ్డు సంతకానికి తిరిగి, అంతా అయ్యేసరికి ఏమవుతుందో తెలుసు. సిలిండర్లు అక్కడే దించేసి ఖాళీ చేతులతో బయల్దేరాను. దారి పొడవునా ఎదురుగా ఆకాశం ఇటుక రంగులో ఉంది. పొగ చుట్టూ గద్దలు తిరుగుతున్నాయి. మంట ముందు పారిపోయే పురుగులను, ఎలుకలను ఏరుకోవడానికి వస్తాయవి. అన్ని గద్దలను ఒకచోట నేను అంతకుముందు చూడలేదు.

ఇల్లు చేరేసరికి మంట రెండొందల గజాల దూరంలో ఉంది. కొత్త బట్ట చించుతున్నట్టు ఆగకుండా చప్పుడు. రెండు కౌజు పిట్టలు మా కాళ్ల మధ్య నుంచి ఇంటి వైపు పరుగెత్తాయి. నా దోస్తు పైపుతో కప్పు తడుపుతున్నాడు. వదిన బర్రెలను ఒక్కొక్కదాన్నే విప్పి తూర్పున దున్నిన చెలకలోకి తోలుతోంది. పెద్దమ్మ మాత్రం పొయ్యి దగ్గర వంగి కూర్చుని ఉంది. ఈ వేళలో వంటేమిటని నాకు తోచింది. నేను హద్దురాళ్లను గుర్తుపెట్టుకుని, మంట ఒక రాయి నుంచి ఇంకో రాయికి ఎంతసేపట్లో వస్తుందో వాచీలో చూశాను. మాకు పదిహేను నిమిషాలున్నాయి అని అరిచి చెప్పాను. చెప్పి నోరు మూసేలోపే పైపులో నీళ్లు ఆగిపోయాయి. మోటారు మూగబోయింది. కరెంటు తీగల కింద మంట వస్తే లైను ఆపేస్తారు. ఆపకపోతే ఎవరైనా చస్తారు. అది నేను పదిమందికి పాఠం చెప్పే విషయం. పదకొండు అంశాల్లో ఆరు ఆ మోటారు మీద ఆధారపడి ఉన్నాయని అప్పుడు, ఆ ఆగిన పైపు చూస్తూ లెక్కపెట్టుకున్నాను. "ఇగ డ్రమ్ములే" అన్నాడు నా దోస్తు. నాలుగు డ్రమ్ములు, బర్రెల తొట్టి, అంతే నీళ్లు. గోనెసంచులు ముంచి పట్టీ దగ్గరికి పరుగెత్తాం. అక్కడికి వెళ్లాక కాలి కింద ఆ చిటపట మళ్లీ వినిపించింది. మంటకు అడ్డంగా మేం నిలబడ్డ ఆ ఇరవై అడుగులూ, ఉత్తరం నుంచి దక్షిణం దాకా, నేను కోయించి ఉండనిచ్చిన ఎండుగడ్డే. హద్దుకూ ఇంటికీ మధ్య నేను నిప్పుకు దారి పరిచి పెట్టాను.

ఫ్యాక్టరీలో అయితే ఇక్కడ నా పని తేలిక. విజిలు ఊది అందరినీ ఒకచోట చేర్చి తలలు లెక్కపెట్టాలి. అదే చెప్పాను. వదిలేద్దాం, చెలకలోకి పోదాం, మనుషులు ముఖ్యం అన్నాను. నా దోస్తు ఇంటి వైపు చూస్తున్నాడు. అప్పుడు పెద్దమ్మ వచ్చింది. చేతిలో కుండపెంకు, అందులో ఎర్రగా పిడకల నిప్పు. తిన్నగా పట్టీ మధ్యకు నడిచి, ఉత్తరం మూల నిలబడింది. మంట వైపు చెంప తిప్పి కళ్లు మూసుకుంది. తల మీద, భుజాల మీద బూడిద రాలుతోంది. ఆమె కదల్లేదు. వేడికి నా కళ్లజోడు చట్రం కాలుతోంది, ఆమె మాత్రం ఎవరి మాటో వింటున్నట్టు నిలబడింది. "అవ్వా, ఇంకెప్పుడే" అన్నాడు కొడుకు. "ఆగు" అన్నది. కొంచెంసేపటికి కళ్లు తెరిచి, "ఇగ ఇప్పుడు" అని వంగింది.

నేను వెళ్లి ఆమె మణికట్టు పట్టుకున్నాను.

ఎందుకు పట్టుకున్నానో నాకు ఇప్పటికీ స్పష్టంగా తెలుసు. ఎదుట గోడలా మంట వస్తుంటే, ఇంటి ముందు ఇంకో మంట పెట్టబోతోంది. నా చదువు, నా ఉద్యోగం, నేను సంతకం పెట్టిన ప్రతి పర్మిటూ ఆ చేతిని ఆపమన్నాయి. "పెద్దమ్మా, ఉన్న మంట చాలదా" అన్నాను. "బిడ్డా, చెయ్యి ఇడువు" అన్నది. కోపంగా అనలేదు. పాలు పోసేటప్పుడు గిన్నె సరిగ్గా పట్టుకోమన్నట్టు అన్నది. నేను వదల్లేదు. గాలి మన వైపే ఉంది, ఇల్లు అంటుకుంటుంది అంటున్నాను. ఆమె చేయి గట్టిగా ఉంది, ఒక్కసారి విదిలిస్తే నేను పడిపోయేవాణ్ని, కాని నిప్పు నా మీద పడుతుందని విదిలించలేదు. "చెయ్యి ఇడువు బిడ్డా, యాళ్ల పోతున్నది" అని రెండోసారి అన్నది. నా దోస్తు వచ్చి నా భుజం పట్టుకున్నాడు. "ఇడువు సారూ. కింద సూడు. డ్రాఫ్ట్ గుంజుతున్నది. పెద్ద మంట దగ్గరికొస్తే గాలిని గుంజుకుంటది, చిన్న మంట దాని దిక్కే ఉరుకుతది. మా బాయిలర్ల గదే గదా." కిందికి చూశాను. నిజమే. ఆకాశంలో పొగ మా వైపు వస్తోంది గాని, నేల మీద బూడిద, గడ్డి పొట్టు, నా ప్యాంటు అంచులు అన్నీ మంట వైపు కదులుతున్నాయి. ఆమె చెంప తిప్పి ఎదురుచూసింది ఆ తిరుగుడు కోసమే. నేను వదిలాను.

ఆమె నిప్పు పెడుతూ దక్షిణానికి నడిచింది. పరుగెత్తలేదు. అడుగుకొక చోట వంగి, పిడక ముక్క ఆనించి, ముందుకు. వెనక నా దోస్తూ నేనూ తడి సంచులతో, ఇంటి వైపుకు పాకే ప్రతి మంట నాలుకనూ కొడుతూ వచ్చాం. నేను కోయించిన గడ్డి భగ్గుమని లేచి, అతను చెప్పినట్టే వెనక్కి, పెద్ద మంట వైపుకు పరుగెత్తింది. నేను ఆ స్థితిలో కూడా అడుగులు లెక్కపెడుతున్నాను, మానుకోలేను. నూట ఎనభై అడుగులు, వాచీలో ఆరు నిమిషాలు. రెండు మంటలు కలిసినచోట ఒక్కసారి ఇంటి ఎత్తున లేచి, తినడానికేమీ దొరక్క, అలాగే కూలిపోయాయి. ఉత్తరం నుంచి అలా ఒక్కొక్క చోటే చల్లబడుతూ వచ్చింది. బతికాం అనుకున్నాను. కాని దక్షిణం మూల మిగిలి ఉంది. ఆమె అక్కడికి చేరేలోపే పెద్ద మంట ఆ మూలకు చేరింది. మిగిలిన సందులో నుంచి, కోసి పడేసిన గడ్డి మీదుగా, చాప మీద నూనె పారినట్టు లోపలికి వచ్చింది. మేము నీళ్లతో పరుగెత్తేసరికి గడ్డివాము అంటుకుంది. దాని నుంచి కొట్టం. తాటాకు కప్పు ఒక్క ఊపిరిలో పోయింది.

ఇంటికి కొట్టానికి మధ్య పన్నెండడుగులు. మిగిలిన నీళ్లన్నీ ఆ గోడ మీద, ఆ కప్పు మీద కుమ్మరించాం. వదిన నిచ్చెన ఎక్కి, కొంగు తలకు చుట్టుకుని, పెంకుల మీద పడ్డ నిప్పురవ్వలను తడి చీపురుతో ఊడ్చింది. ఆఖరి డ్రమ్ము అడుగు గీరుతుండగా కొట్టం దూలం లోపలికి కూలింది, బయటికి పడలేదు. అక్కడితో ఆగింది. ఫైరింజను సాయంత్రం వచ్చింది. వచ్చినవాళ్లు మంచివాళ్లు, మాడుతున్న వాము మీద నీళ్లు కొట్టి, పెద్దమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, ఇల్లెట్ల మిగిలింది అని ఒకరినొకరు అడుగుతూ వెళ్లిపోయారు. కొట్టంలో బర్రెలు లేవు. దూడ కూడా లేదు. మా నలుగురిలో ఎవరికీ కాలలేదు, నా దోస్తు చేతి మీద బొబ్బలు తప్ప. ఆ రోజు అతను తొడుగులు వేసుకున్నాడు, ఒకటి నాకిచ్చి ఒకటి తను ఉంచుకున్నాడు.

ఇల్లు నిలిచింది కనుక భూమి నిలిచింది. బ్రోకరు మర్నాడే వచ్చాడు, పరామర్శకు. అరుగు మీద కూర్చుని కొట్టం వైపు చూసి ఏదో అనబోయాడు. పెద్దమ్మ "టీ తాగు, సల్లగైతున్నది" అన్నది. తాగి వెళ్లాడు. వెంచరులో గడ్డంతా పోయి, హద్దురాళ్లన్నీ, మీద రాసిన ప్లాటు అంకెలతో సహా, సమాధి రాళ్లలా బయటపడ్డాయి. ఒక్క వారంలో కార్లు వచ్చాయి. ఇప్పుడు ఉత్తరం వైపు ఆరు గోడలు లేచాయి. పడమర ఒక బోరు వేశారు, రాత్రింబగళ్లు నడుస్తుంది, వీళ్ల బోరులో నీళ్లు లోతుకు దిగాయి. నా దోస్తు దాని గురించి పెద్దగా మాట్లాడడు. ఫోన్‌లో "నడుస్తున్నది సారూ, గట్లనే" అంటాడు.

నేను చేసిన తప్పు గురించి ఆ ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. మా పద్ధతిలో ఏ ప్రమాదం తర్వాతైనా ఒక రిపోర్టు రాస్తాం, కారణం ఏమిటి, ఎంతసేపు పట్టింది, ఏం చేస్తే తప్పేది అని. ఎవరూ అడగకపోయినా దీనికీ రాయబోయాను. కారణం దగ్గర నా పేరు రాయడం కష్టం కాలేదు. కాలం దగ్గర ఆగిపోయాను. ఆమె చేయి ఎంతసేపు పట్టుకున్నానని అడిగితే నా దోస్తు, "పావు నిమిషం గూడ లేదు, ఇడిసిపెట్టు" అన్నాడు. వదిన, "నేను బర్రెను తోలుకపోయి కట్టి మల్లొచ్చి సూస్తె ఇంకా పట్టుకొనే ఉన్నరు" అన్నది. పెద్దమ్మను అడిగితే, "నువ్వెప్పుడు పట్టుకున్నవ్ బిడ్డా, నాకు యాదికే లేదు" అన్నది. ఆమె మరిచిపోయే మనిషి కాదు.

తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. ఆమె నిప్పు పెడుతూ నడిచిన వేగం నా దగ్గర రాసి ఉంది. ఆమె చేరలేకపోయిన దూరాన్ని, మంట దూరివచ్చిన ఆ సందును, మర్నాడు బూడిదలో నేనే కొలిచాను: ఇరవై రెండు అడుగులు. ఆ దూరాన్ని ఆ వేగంతో భాగిస్తే చాలు, ఆమెకు ఎంత సమయం తక్కువపడిందో తేలిపోతుంది, ఐదో తరగతి లెక్క. మూడేళ్లయింది, కాగితం సొరుగులోనే ఉంది, నేను ఇంకా భాగించలేదు.